డస్ట్ అలర్జీ ఉంది, ఇంట్లో బాల్ పైథాన్ ఉంది: ట్యాంకు అడుగున ఏం వేయాలి?

ఈ రోజు టాపిక్ కాస్త వింతగా ఉంటుంది, కానీ దీని మీద మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. పెంచేది పాము, తుమ్మేది మనిషి. మధ్యలో ఆ ట్యాంకు అడుగున వేసే పొట్టు. దాన్నే సబ్‌స్ట్రేట్ అంటారు. మన భాషలో చెప్పాలంటే పాముకి పరుపు.

డాలస్‌లో ఎంఎస్ చదువుతున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అయిదు నెలల కింద బాల్ పైథాన్ తెచ్చుకున్నాడట. నలుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంట్, ట్యాంకు తన బెడ్‌రూమ్‌లోనే. రెండు నెలల నుంచి పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, కళ్ళు దురద. ఇప్పుడు రాత్రిపూట ఛాతీలో పిల్లికూతలు కూడా మొదలయ్యాయి. రూమ్మేట్స్ అందరిదీ ఒకటే మాట, "పాముని ఇచ్చేసేయ్ రా." తను అడిగింది ఒకటే: "అన్నా, పొట్టు మారిస్తే సరిపోతుందా, లేక నిజంగా ఇచ్చేయాలా?"

బాల్ పైథాన్‌ని బాగా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది. అంటే ఇది చిన్న నిర్ణయం ఏమీ కాదు. అటు చూస్తే ఊపిరి, ఇటు చూస్తే ఒక ప్రాణి. అందుకే తొందరపడకుండా వరసగా చూద్దాం.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఒకటి, పిల్లికూతలు వస్తున్నాయన్నా, ఊపిరి అందట్లేదన్నా, ఇదివరకే ఉబ్బసం ఉన్నా, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పొట్టు సంగతి తరవాత. పెదాలు, నాలుక వాచినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా అమెరికాలో అయితే 911, మన దగ్గర 108. ఆలోచించొద్దు.

రెండోది ఇండియాలో చూస్తున్నవాళ్ళకి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, మనవాళ్ళు రెండు తలల పాము అనేది, ఇవేవీ ఇంట్లో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము, సైటిస్ జాబితాలో ఉంది. అలాంటి విదేశీ జంతువు మీ దగ్గర ఉంటే 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనకండి. సరే, ఇక అసలు విషయం.

అందరూ అడిగేది "అలర్జీకి మంచి సబ్‌స్ట్రేట్ ఏది?" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. మీకు అలర్జీ దేనికి? ఎందుకంటే ఆ ట్యాంకులో, దాని చుట్టుపక్కల, తుమ్ములు తెప్పించేవి కనీసం నాలుగున్నాయి. ఒకటి చెక్క పొట్టు నుంచి లేచే సన్న దుమ్ము. రెండోది బూజు. మూడోది ఎలుకలు. నాలుగోది మైట్స్, అంటే ఇంటి ధూళిలో, పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగులు. దుమ్ముకి మందు తడి. కానీ బూజుకి తడి అంటే విందు భోజనం. కాబట్టి ఒకరికి పనికొచ్చిన పొట్టు ఇంకొకరికి ఇంకా ఎక్కువ తుమ్ములు తెస్తుంది. రివ్యూల్లో ఒకే ప్యాకెట్‌కి ఒకరు అయిదు స్టార్లు, ఒకరు ఒక స్టార్ ఇవ్వడం చూసే ఉంటారు. ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు.

మరి పాము సంగతి? పాముకి కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు బొచ్చు ఉండదు, లాలాజలం ఒళ్ళంతా పూసుకోదు. అందుకే పాముకే అలర్జీ రావడం అరుదు. పూర్తిగా ఉండదని మాత్రం అనలేం. చాలామందికి తెలియనిది ఎలుక సంగతి. పాముకి పెట్టేది ఎలుకనే కదా. ఎలుక మూత్రంలో ఉండే ప్రొటీన్లు బలమైన అలర్జీ కారకాలు. ఎలుకలతో పనిచేసే ల్యాబ్ ఉద్యోగులకి ఇది బాగా తెలిసిన సమస్య. పాము పెంచేవాళ్ళలో కొంతమంది మేతకోసం ఇంట్లోనే ఎలుకల్ని కూడా పెంచుతారు. అలా చేస్తూ "ఆస్పెన్ పడట్లేదు, కోకో కొననా" అని అడిగితే, ముందు ఆ ఎలుకల బోను బయటికి పంపమంటాను. ఫ్రీజర్‌లో దొరికే చచ్చిన ఎలుకలకి మారండి. వాటిని జిప్ కవర్‌లోనే ఉంచి, కవర్‌ని గోరువెచ్చని నీళ్ళలో పెట్టి కరిగించండి. కవర్ తెరిచేది పాముకి పెట్టేటప్పుడే. చేతికి గ్లవ్స్, పట్టుకోవడానికి పొడుగు పటకారు.

దేనికి అలర్జీ అని ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో నోట్స్ యాప్ ఉంది కదా, అందులో మూడు, నాలుగు వారాలు రాసుకోండి. ఎప్పుడు తుమ్ములొచ్చాయి, ఆ టైమ్‌కి మీరేం చేస్తున్నారు. అంతే. పొట్టు మార్చిన రోజు, ప్యాకెట్ కోసిన పది నిమిషాల్లో మొదలైతే దుమ్ము మీద అనుమానం. మేత పెట్టిన రోజే వస్తుంటే ఎలుక. ట్యాంకు తలుపు తీయగానే మట్టి వాసన, ముక్క వాసన కొట్టి అప్పుడు ముక్కు మూసుకుపోతే బూజు. ఇక రోజూ పొద్దున లేస్తూనే తుమ్ములు, పగలు కాలేజీలో ఏమీ ఉండదు అంటే, ట్యాంకు కంటే ముందు మీ పరుపుని, దిండుని అనుమానించాలి. ఆ డాలస్ తమ్ముడు రాసిన లక్షణాల్లో సగం ఇదే బాపతు. అపార్ట్‌మెంట్‌లోకి దిగేటప్పుడు ఎవరో వదిలేసి వెళ్ళిన పరుపు మీద పడుకునే స్టూడెంట్లు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు! ఆ పరుపు చరిత్ర ఎవరికీ తెలీదు, నింద మాత్రం పాము మీదకి.

నోట్స్ పక్కన పెట్టుకుని అలర్జీ డాక్టర్ని కలిస్తే స్కిన్ ప్రిక్ టెస్ట్ చేస్తారు. చేతి మీదో వీపు మీదో చిన్న చిన్న గుచ్చుళ్ళు, పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం. ఒక్కటి మాత్రం మీరే నోరు తెరిచి చెప్పాలి: "మా ఇంట్లో పాము ఉంది, దానికి ఎలుకలు పెడతాను" అని. చెప్పకపోతే వాళ్ళు మామూలుగా చూసే పుప్పొడి, పిల్లి, బొద్దింక, ధూళి వరకే చూడొచ్చు. ఎలుకకి టెస్ట్ ఉంది, అడిగితే చేస్తారు. తుమ్ములకి రోజూ వేసుకునే అలర్జీ మాత్రలు టెస్ట్‌కి కొన్ని రోజుల ముందు ఆపాల్సి ఉంటుంది, ఎన్ని రోజులన్నది వాళ్ళనే అడగండి.

ఈ లోపు ట్యాంకులో ఏం చేయాలంటే, పేపర్ పెట్టండి. పేపర్ టవల్స్, లేదా ఏమీ ప్రింట్ చేయని బ్రౌన్ కాగితం చుట్ట. మూడు, నాలుగు వారాలు. మిగతావన్నీ అలాగే ఉంచి ఇదొక్కటే మార్చండి. పేపర్‌తో దుమ్ము దాదాపు ఉండదు, తడిస్తే వెంటనే కనపడుతుంది, తీసి పారేయొచ్చు. లక్షణాలు తగ్గాయా, దోషం పొట్టుదే. ఏమాత్రం తగ్గలేదా, మీరు ఎన్ని రకాల పొట్టు కొన్నా డబ్బులు దండగే. సమస్య వేరే చోట ఉంది. ఈ పరీక్షకి అయ్యే ఖర్చు రెండు పేపర్ రోల్స్.

కానీ పేపర్ పెట్టగానే పాము ఇబ్బంది పడకూడదు. బాల్ పైథాన్‌కి గాలిలో తేమ 60 నుంచి 80 శాతం ఉండాలి. తక్కువైతే కుబుసం ఒకే ముక్కగా ఊడదు, తునకలు తునకలుగా ఒంటికి అంటుకుపోతుంది. కళ్ళ మీద, తోక చివర మిగిలిపోతే ప్రమాదం. పేపర్ తేమని పట్టి ఉంచదు. అందుకని ఒక ప్లాస్టిక్ డబ్బాకి పాము దూరేంత కన్నం కోసి, అంచులు నున్నగా చేసి, లోపల తడిపి పిండిన పేపర్ టవల్స్ పెట్టండి. పాము కావాలనుకున్నప్పుడు అందులోకి వెళ్తుంది. రెండు రోజులకోసారి ఆ టవల్స్ మార్చండి, బూజుకి టైమ్ ఇవ్వొద్దు. నీళ్ళ గిన్నె పెద్దది పెట్టండి. పైన జాలీ మూత ఉంటే దాన్ని చాలా వరకు కప్పండి, గాలికి కొంచెం వదిలి. తేమ కొలిచే డిజిటల్ మీటర్ ఒకటి లోపల ఉండాల్సిందే. అంచనాలు పనికిరావు.

సరే, పేపర్ నెల అయిపోయింది, దోషం పొట్టుదే అని తేలింది. ఇప్పుడు షాపులో దొరికేవాటి గురించి.

సెడార్, అంటే దేవదారు లాంటి ఘాటు వాసన వచ్చే పొట్టు. దీన్ని చర్చించక్కర్లేదు, వద్దు. ఆ వాసన ఇచ్చే నూనెలు పాముకే విషం. పైగా వెస్టర్న్ రెడ్ సెడార్ దుమ్ములో ఉండే ప్లికాటిక్ యాసిడ్ వల్ల కలప మిల్లుల్లో పనిచేసేవాళ్ళకి ఉబ్బసం రావడం డాక్టర్లకి ఎప్పటి నుంచో తెలిసిన విషయం.

ఆస్పెన్. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టులా ఉంటుంది. వాసన లేదు, చవక, పాముకి హాని లేదు. కార్న్ స్నేక్ లాంటి, 40 నుంచి 60 శాతం తేమ చాలే పాములకి బాగుంటుంది. బాల్ పైథాన్ ఉన్నవాళ్ళకి, అందులోనూ అలర్జీ ఉన్నవాళ్ళకి, నా ఓటు దీనికి పడదు. పొడిగా ఉంచితే దుమ్ము, తేమ కోసం తడిపితే బూజు. రెండు వైపులా దెబ్బే. ప్యాకెట్ మీద "డస్ట్ ఫ్రీ" అని రాసి ఉన్నా సంచి అడుగున చేరిన పొడి చూడండి, మీకే తెలుస్తుంది. రంపపు పొట్టులా మరీ సన్నగా ఉండేవి ఇంకా అన్యాయం.

ఇప్పుడు మనది. కొబ్బరి. అమెరికాలో సరీసృపాల కోసం అమ్మే కొబ్బరి పొట్టు ప్యాకెట్ వెనక చూడండి, చాలావాటి మీద ఇండియా లేదా శ్రీలంక అని ఉంటుంది. కోనసీమలో పీచు తీసే మిల్లు పక్కన ఒక్కసారైనా నిలబడ్డవాళ్ళకి ఎండిన కొబ్బరి పొట్టు ఎలా లేస్తుందో చెప్పక్కర్లేదు. ఆ సన్న పొట్టే ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. పొడిగా ఉన్నంతసేపు అది దుమ్మే. చాలామంది ఇటుకని సుత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో బెడ్‌రూమ్‌లో పగలగొడతారు, ముక్కు పట్టుకుని కూర్చుంటారు. పగలగొట్టే పనే లేదు. బకెట్‌లో ఇటుకని అలాగే పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోస్తే తనే విచ్చుకుంటుంది. 650 గ్రాముల ఇటుక 7, 8 లీటర్లు అవుతుంది. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు కారేంత తడి చాలు.

నేను ఎక్కువగా చెప్పేది మాత్రం సన్న పొట్టు గురించి కాదు, ముక్కల గురించి. కొబ్బరి డొక్కని చిన్న చిన్న ముక్కలుగా కోసినవి, హస్క్ చిప్స్ అంటారు. ముక్క పెద్దది కాబట్టి గాలిలోకి లేవదు, తేమని స్పాంజిలా పట్టి ఉంచుతుంది, ముక్కల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి ముద్ద కట్టదు. ప్యాకెట్ రాగానే ఒకసారి జల్లెడ పట్టండి. మీరు కాదు, అలర్జీ లేని ఫ్రెండ్‌తో, బయట. లేదా నీళ్ళలో కడిగి వార్చండి, అడుగున దిగే బురదంతా మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాల్సిన దుమ్ము అనుకోండి. రెండు మూడు అంగుళాల మందం వేయండి. తడపాల్సి వచ్చినప్పుడు పైన స్ప్రే కొట్టే బదులు నాలుగు మూలల్లో నెమ్మదిగా నీళ్ళు పోయండి. అడుగు పొర తడిగా ఉంటుంది, పై పొర ఆరి ఉంటుంది. పాము పొట్ట తడిలో నానదు, బూజు కూడా పైన కనపడదు. అన్నట్టు, ఎప్పుడూ తడిలో నానే పాముకి పొట్ట మీద పొక్కులు, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రావొచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, ముక్కు దగ్గర బుడగలు వస్తుంటే పాముల్ని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

సైప్రస్ మల్చ్ కూడా దాదాపు ఇంతే పని చేస్తుంది. తోటల షాపులో రంగు వేసినవి, మందు కలిపినవి తెచ్చుకోవద్దు, సరీసృపాలకని అమ్మేదే తీసుకోండి. రెప్టైల్ కార్పెట్ నాకు నచ్చదు. పాము పొట్టు, మలం అన్నీ ఆ నూలులో చేరి, ఉతికినా పూర్తిగా పోవు. ఇసుక బాల్ పైథాన్‌కి అసలు వద్దు.

బయోయాక్టివ్ అని ఇప్పుడు పెద్ద ట్రెండ్ నడుస్తోంది. మట్టి, మొక్కలు, బూజు తినే చిన్న స్ప్రింగ్‌టెయిల్ పురుగులు, చిన్నపాటి అడవి. రీల్స్‌లో చాలా అందంగా ఉంటుంది. దుమ్ము అలర్జీ ఒక్కటే ఉన్నవాళ్ళకి బాగానే కుదరొచ్చు, తడి మట్టి లేవదు కాబట్టి. బూజు అలర్జీ అని టెస్ట్‌లో వచ్చినవాళ్ళు మాత్రం దాని జోలికి వెళ్ళొద్దు. ఆ పురుగులు బూజుని అదుపులో ఉంచుతాయి, మాయం చేయవు. బూజు అలర్జీ ఉంటే చిప్స్‌ని కూడా ముక్క వాసన రాకముందే మార్చేయాలి. మరీ ఎక్కువైతే పేపర్, తడి డబ్బా పద్ధతిలోనే ఉండిపోండి. చూడ్డానికి పేదగా ఉంటుంది. దాక్కోవడానికి రెండు గూళ్ళు, ఎక్కడానికి కొమ్మలు, ప్లాస్టిక్ ఆకులు పెడితే పాముకి లోటు ఉండదు.

స్ఫాగ్నమ్ మాస్, ఆ నాచు వాడేవాళ్ళు గ్లవ్స్ వేసుకోండి. అలర్జీ గొడవ కాదు గానీ, అందులో ఉండే ఒక ఫంగస్ చేతి మీద గీతల్లోంచి లోపలికి వెళ్ళి పుండ్లు చేయగలదు.

ఏ పొట్టు వేసినా మీకు అసలైన దెబ్బ తగిలేది దాన్ని మార్చే అరగంటలో. మిగతా నెలంతా పొట్టు దాని మానాన అది పడుంటుంది. ఆ అరగంట సంగతి వినండి. పాముని గాలి కన్నాలున్న మూత డబ్బాలో పెట్టండి. ఫ్యాన్ ఆపండి, ఏసీ ఆపండి, కిటికీ తీయండి. ఎన్95 మాస్క్, ముక్కు దగ్గర బిగించి. గుడ్డ మాస్క్ సన్న దుమ్ముని ఆపదు. పాత పొట్టు మీద నీళ్ళు స్ప్రే కొట్టి, తడిశాక చేటతో మెల్లగా సంచిలోకి ఎత్తండి. ట్యాంకు ఎత్తి బోర్లించొద్దు. సంచి కట్టేసి అప్పుడే బయట పడేయండి. తడిగుడ్డతో తుడవండి. చీపురు వద్దు, హెపా ఫిల్టర్ లేని వాక్యూమ్ అసలు వద్దు, అది ముందు నుంచి పీల్చి వెనక నుంచి ఊదుతుంది. బ్లీచ్ ఘాటు పడనివాళ్ళు వాసన లేని సబ్బునీళ్ళు, తరవాత లేబుల్ మీద చెప్పినంత పలచన చేసిన క్లోర్‌హెక్సిడిన్ వాడండి. పని అయ్యాక బట్టలు మార్చి స్నానం చేయండి. చేతులు సబ్బుతో కడగడం ఎలాగూ తప్పదు, పాముల మీద సాల్మొనెల్లా ఉంటుంది. ట్యాంకు సామాన్లు వంటింటి సింక్‌లో కడగొద్దు. రూమ్మేట్స్‌తో గొడవ పడటానికి అదొక్కటి చాలు!

ఉబ్బసం గట్టిగా ఉన్నవాళ్ళు ఈ పని ఇంకొకరితో చేయించుకోండి. నెలకో అరగంట. బదులుగా వాళ్ళ వంతు గిన్నెలు మీరు తోమండి, లెక్క సరిపోతుంది.

ట్యాంకు బెడ్‌రూమ్‌లో ఉంటే హాల్లోకి మార్చండి. రాత్రి ఎనిమిది గంటలు మీరు పీల్చే గాలి అదే కదా. ఏసీ గాలి లాక్కునే జాలీ కింద పెట్టొద్దు, పెడితే ఇల్లంతా పంచిపెడుతుంది. గది తేమ 50 శాతం లోపు ఉంటే ధూళి మైట్స్ బతకడం కష్టం. ట్యాంకు లోపల 70 ఉన్నా ఫరవాలేదు, ముందు తలుపుండే పీవీసీ ట్యాంకులు ఆ తేమని లోపలే ఉంచుతాయి. జాలీ మూతవి గదిలోకి వదిలేస్తాయి. పరుపుకి, దిండుకి మైట్స్ దాటని జిప్ కవర్లు వేయండి, దుప్పట్లు వారానికోసారి వేడి నీళ్ళలో ఉతకండి. ఊడిన కుబుసాన్ని దాచుకుని గోడకి తగిలించే అలవాటుంటే మానుకోండి, ఎండి పొడి అవుతుంది.

పాము ఇంకా కొనని వాళ్ళకి ఒక మాట. హాగ్‌నోస్, సాండ్ బోవా లాంటివి పొడి పొట్టులో దూరి బతికే పాములు. వాటికి పేపర్ వేసి సరిపెట్టడం అన్యాయం. దుమ్ము పడనివాళ్ళు అలాంటివి తెచ్చుకోకండి. బాల్ పైథాన్‌కి పేపర్ మీదైనా, తడి చిప్స్ మీదైనా నడుస్తుంది. కొనేముందు, పాములు పెంచే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాళ్ళు ట్యాంకు శుభ్రం చేసే రోజున వెళ్ళి ఆ గదిలో ఒక గంట కూర్చుని రండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఈ పని చేయొద్దు.

ఇక ఇచ్చేయడం గురించి. పేపర్ వేశారు, ఎలుకల సంగతి సర్దారు, ట్యాంకు హాల్లోకి మార్చారు, పరుపుకి కవర్ వేశారు, డాక్టర్ ఇచ్చిన మందు వాడారు. రెండు నెలలైనా పిల్లికూతలు తగ్గలేదు, డాక్టర్ కూడా పాము ఇంట్లో వద్దన్నారు అనుకోండి. అప్పుడు ఇచ్చేయండి. అది తప్పేమీ కాదు. మీ ఊళ్ళో సరీసృపాల రెస్క్యూ గ్రూపులు ఉంటాయి, వాళ్ళని అడగండి. బయట చెట్లలో మాత్రం వదలొద్దు. టెక్సాస్ చలికి బాల్ పైథాన్ బతకదు, ఫ్లోరిడాలో వదిలిన బర్మీస్ పైథాన్‌లు బతికి ఎవర్‌గ్లేడ్స్‌లో ఏం చేశాయో మీరు వినే ఉంటారు.

వచ్చే ఎపిసోడ్‌లో ఫ్రీజర్ ఎలుకల్ని ముట్టని పాముకి వాటిని ఎలా అలవాటు చేయాలో చూద్దాం. ఈ లోపు పేపర్ నెల మొదలుపెట్టినవాళ్ళు మీ నోట్స్ నాకు పంపండి. ఉంటాను మరి, బై.